రెమేదమ్మ వాకిట్లో గుంట మగ్గం

జనవరి 20, 1965, బుధవారం

నా కూతురు మాణిక్యం కాలి వాపు తీసిందో లేదో. కాన్పు అయిన దగ్గర్నుంచీ ఆ కాలు అంతే, చలిగాలి తగిలితే చాలు. మరిది రోశయ్య దగ్గు ఎట్లా ఉందో. చుట్ట మానవయ్యా అని నేను ఎదురుగా ఉండి పోరితేనే మానలేదు, నేను లేనప్పుడు మానతాడా. అల్లుడికి పైత్యం తగ్గాలి. మనవరాలు సుబ్బులు కళ్ళు నొప్పులంటోంది, పెళ్ళి కావలసిన పిల్లకు కళ్ళజోడేమిటని వాళ్ళమ్మ. ఎర్రగేదెకు ఈనే నెల. దూడ అడ్డం తిరిగితే చూసేవాళ్ళెవరు. రోశయ్య కొడుకు భావనారాయణ మేము బయల్దేరిన రోజున భుజం పట్టేసిందన్నాడు. ఆముదం కాచి రాసుకోమని చెప్పడం మరిచిపోయాను. అదొకటి మనసులో పీకుతోంది.

అందరూ కులాసాగా ఉన్నారనే అనుకుంటాను. అనుకోకపోతే ఇక్కడ ఒక్క ముద్ద దిగదు.

మా ఆయనా నేనూ ఇద్దరం క్షేమం. క్షేమమనే రాస్తున్నాను.

ఈ పుస్తకం సుబ్బులు ఇచ్చింది. "అమ్మమ్మా, మెక్సికోలో ఏమేం చూశావో అన్నీ రాసుకురా, నాకు చదివి వినిపించాలి" అంది. వినిపించను. ఇది నా గుండెదడ తగ్గడానికి రాసుకునేది. మూడో తరగతి చదువు నాది. అక్షరం వంకర పోయినా నవ్వేవాళ్ళు ఇక్కడ లేరు.

జనవరి 21

ఇవాళ కూడా నూలు తెగింది.

జనవరి 23, శనివారం

ప్రదర్శన పెట్టిన హాలు చాలా పెద్దది. దేశదేశాల చేతిపనుల వాళ్ళున్నారు. బుట్టలల్లేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు, గాజు ఊదేవాళ్ళు. నెలాఖరు దాటి ఫిబ్రవరి అంతా ఈ ప్రదర్శన ఉంటుందట. మాకు మేడ మీద చోటిచ్చారు. చెక్కలతో అరుగు కట్టి, కాళ్ళు కిందికి పెట్టుకోవడానికి దానికి కన్నం కోసి, నున్నగా రంగు కూడా వేశారు. మంగళగిరి మగ్గానికి గుంట కావాలని ఎవరో చెప్పి ఉంటారు. మేడ మీదికి నేలను తేలేక చెక్క తెచ్చారు. ఎంత శ్రద్ధగా చేశారో పాపం, చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆయన రోజూ స్నానం చేసి బొట్టు పెట్టుకుని మగ్గంలో కూర్చుంటారు. అడ్డపోగు పట్టుకుని నాడె నాలుగుసార్లు అటూ ఇటూ పోతుంది. పడుగులో నిలువు పోగు టప్పున తెగుతుంది. ఆయన అతుకుతారు. ఇంకోటి తెగుతుంది. చుట్టూ నిలబడ్డ జనం చప్పట్లు కొడతారు, పోగు అతకడమే ఈ విద్య అనుకుంటారు కాబోలు. ఆ చప్పట్లకు ఆయన ముఖం నల్లబడిపోతుంది.

మా మంగళగిరి నేతసొసైటీలో ఆ రోజు అనుకున్న మాటలు చెవుల్లోంచి పోవడం లేదు. ఒక నేతమనిషిని, సాయానికి భార్యను పంపమని ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. ప్రెసిడెంటు అంకమ్మరావు ఆయన ముందే అన్నాడు.

"బాబాయ్, నీ పనితనం కాదనేవాడు లేడు. చెయ్యి వణుకుతోంది కదా మరి. భావనారాయణను పంపుదాం. కుర్రాడు, పంట్లాం కూడా వేస్తాడు."

"పంట్లాం నేస్తుందేమిట్రా చీర?" అన్నారు ఆయన. అందరూ నవ్వారు.

భావనారాయణ ఆయన దగ్గర నేర్చినవాడే. "పెదనాన్న ఉండగా నేను పోతే మా వీధిలో నన్ను బతకనిస్తారా" అన్నాడు. మంచి పిల్లవాడు. ఆ భుజం సంగతి ఏమైందో.

అంకమ్మరావు అంతటితో ఊరుకోలేదు. "పోయి సగంలో వదిలేస్తే సొసైటీ పరువు పోతుంది బాబాయ్" అన్నాడు.

"చీర నేసి అక్కడ వేలాడదీసి వస్తా. అట్లా చెయ్యకపోతే వచ్చాక నా మగ్గం గుంట పూడ్చేస్తా. ఇంక దిగను. చాలా?"

ఆయన ఊరికే అనే మనిషి కాదు. ఒకప్పుడు చుట్ట మానేస్తానని ఒకే ఒక్క మాట అన్నారు, ఆ మర్నాటినుంచి ముట్టలేదు. ఇప్పుడు ఆ గుంట పూడిస్తే ఆయన ఎక్కడ కూర్చుంటారు. ఇంట్లో ఆయనకు ఇంకో చోటు లేదు. అరుగు మీద కూర్చుని ఉన్న ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు. 

జనవరి 24, ఆదివారం

జయరావు వచ్చాడు. ఇక్కడ మన దేశపు ఆఫీసులో గుమాస్తా, బాపట్ల పిల్లవాడు. ఇంత దూరంలో తెలుగు మాట వినిపించిన ఆ పిల్లవాడి తల్లి కడుపు చల్లగా ఉండాలి.

"బాబాయిగారూ, ఇవాళ హాలుకు సెలవు. సూర్యుడి కొండ చూసొద్దాం పదండి. పాతకాలపు రాజులు రాళ్ళతో కట్టింది, వెయ్యేళ్ళు దాటింది" అన్నాడు.

"అన్నేళ్ళున్నది ఇంకో నెల ఉండదా? పని చెయ్యడానికి వచ్చాను నాయనా, ఊళ్ళు చూడ్డానికి కాదు. ఆవిణ్ణి తీసుకుపో."

"నాకూ చూడాలని లేదు" అన్నాను. జయరావు ముఖం చిన్నబోయింది. ఒక్క సెలవుదినం మాకోసం పెట్టుకున్నాడు. ఆ పిల్లవాడి కోసం వెళ్ళాను.

ఊరి బయట ఎండిన మైదానం. మధ్యలో మెట్లు మెట్లుగా ఆ కొండ. మా నరసింహస్వామి కొండ ఎక్కినదాన్ని, ఇదెంతలే అనుకున్నాను. కాస్త ఎక్కేసరికి ఊపిరి అందలేదు. ఇక్కడి నేలే ఎత్తులో ఉందట, అందుకని గాలి పల్చగా ఉంటుందట. సగంలో కూర్చుండిపోయాను. అంత ఎక్కినా ఒంటి మీద చెమట లేదు.

"పైన ఏ దేవుడున్నాడు నాయనా?"

"ఎవరూ లేరు పిన్నిగారూ. ఖాళీ."

"మరి వీళ్ళందరూ ఎందుకెక్కుతున్నారు?"

"చూడ్డానికి."

"ఖాళీ చూడ్డానికా?"

నవ్వాడు. నేనూ చుట్టూ చూశాను. ఈ నెలలో మా కొండ మీదినుంచి గుంటూరు వైపు చూస్తే మిరపకాయల కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉంటాయి. ఇక్కడ నేల ఎండిన పొగాకు రంగు. దూరాన నీలం కొండలు, ఒకదాని నెత్తిన తెల్లగా మంచు. మంచు చూడడం ఇదే మొదలు. చూడాలని లేదన్నది నిజమే. జయరావు పదండి అనేదాకా చూస్తూనే ఉన్నాను.

ఇంటికి వచ్చి "ఏమీ లేదండీ, ఉత్త రాళ్ళు" అని ఆయనతో చెప్పాను.

జనవరి 25

సగం అన్నం వదిలేశారు. కొరివికారం వేసినా.

జనవరి 26

తప్పు గంజిదేనని నాకు తోస్తోంది. గంజి నాది. మంగళగిరి వీధిలో తెల్లారకముందే పడుగు బారుగా చాపి, కుంచెతో గంజి పట్టించింది నేనూ మాణిక్యమూ. ఆ రోజు దాని కాలు వాచి ఉంది, నా ధ్యాస అటు పోయింది. బియ్యం సరిగ్గా ఉడకలేదేమో.

ఇవాళ ఇక్కడి బియ్యంతో చిక్కగా గంజి కాచి, మగ్గం మీద ఉన్న పడుగుకే మళ్ళీ పట్టించాను. ఆరాక పోగులు ఇనప తీగల్లా అయ్యాయి. మధ్యాహ్నం మగ్గంలో కూర్చుంటే ఇంకా తెగాయి.

తిడితే బాగుండేది. తిట్టలేదు. కుడిచెయ్యి ముఖం దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకున్నారు. ఆయన చేతిని చూసుకున్నారు, నేను గంజిగిన్నె చూసుకున్నాను. 

జనవరి 27

భారంగా ఉన్న రోజున మంచి మాటలు రాసుకోవాలి. రెమేదమ్మ గురించి రాస్తాను.

మేము దిగిన ఇల్లు ఆవిడది. పేరు రెమేదియోస్. నా నోటికి రెమేదమ్మ అని వస్తుంది, అట్లా పిలిచినా పలుకుతుంది. భర్త పోయాడు. నా ఈడుది. ఆవిడ స్పానిష్‌లో మాట్లాడుతుంది, నేను తెలుగులో మాట్లాడతాను, ఇద్దరం ఆగం. వచ్చిన మర్నాడు నేను పొయ్యిలో మంట పెంచితే ఆవిడ తగ్గించింది. నేను పెంచాను. ఆవిడ తగ్గించింది. స్నేహం అయింది.

ఇవాళ ఆయన పేరు అడిగింది. తన గుండె మీద చెయ్యి వేసుకుని రెమేదియోస్ అంది. నా వైపు వేలు చూపిస్తే నాంచారమ్మ అన్నాను. ఆయన గది వైపు చూపించింది. మొగుడి పేరు నోటితో ఎట్లా చెప్పను. మా కొండమీది స్వామి పేరే ఆయనది, స్వామికి నైవేద్యం పెట్టే బెల్లపు నీళ్ళ పేరే. బెల్లం లేక చక్కెర చూపించాను. నీళ్ళు చూపించాను. కలిపినట్టు చెయ్యి తిప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి నిమ్మకాయ పిండి పెద్ద గ్లాసు నిండా తీపినీళ్ళు కలుపుకొచ్చింది. పాపం పెనిమిటి పేరు కూడా మరిచిపోయిందని కాబోలు, నా తల నిమిరింది. తాగేశాను. చల్లగా ఉంది.

ఇంటి మధ్యలో ఆకాశం కనబడే వాకిలి ఉంది, మన మండువా లోగిలిలాగే. అంతా రాతి పలకలు. ఒక్క మూల మాత్రం మట్టి. ఆ మట్టిలో మిరపచెట్టు. మొక్క కాదు, చెట్టే, నా తలకంటే ఎత్తు. ఏటా పీకేసే మిరప చూసినదాన్ని, ఏళ్ళ తరబడి నిలిచిన మిరపను ఎప్పుడూ చూడలేదు. పూలు ఊదారంగు. కాయలు గుండ్రంగా పసుపుపచ్చగా ఉంటాయి, విప్పితే విత్తనాలు బొగ్గులాంటి నలుపు. ఆవిడ భర్త నాటాడట. ఆవిడ లేచి ముందు ఆ చెట్టుతో రెండు మాటలు మాట్లాడి, తర్వాత మాతో మాట్లాడుతుంది.

సాయంత్రం జయరావు వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు.

"పిన్నిగారూ, మిరపకాయ అసలు పుట్టింది ఇక్కడేనట. ఇక్కడినుంచే ఓడలెక్కి మన దేశం వచ్చిందట."

"ఎవరన్నారు?"

"ఆవిడ అంటోంది. పుస్తకాల్లోనూ ఉంది."

"గుంటూరు మిరపకాయల కొట్ల ముందు నిలబడి ఆ మాట అనమను."

జయరావు చెప్పాడు. రెమేదమ్మ ఆ గుండ్రటి కాయ ఒకటి కోసి నా ముందు పెట్టింది. నేను జాడీలోంచి మన కొరివికారం తీసి ఆవిడ ముందు పెట్టాను. ఇద్దరం తిన్నాం. నాకు చెవులు గుయ్యిమన్నాయి. ఆవిడ కొంగు లాంటి గుడ్డతో కళ్ళు తుడుచుకుని, ఇంకాస్త పెట్టమని చెయ్యి చాపింది. ఈ దేశం వచ్చాక నవ్వడం ఇవాళే.

ఆయన గదిలోంచి బయటికి రాలేదు.

జనవరి 29

రెమేదమ్మ బజారుకు తీసుకెళ్ళింది. మిరపకాయల్లో నల్లవి, ముడతలవి, వేలంత పొడుగువి, గింజంత చిన్నవి, ఎన్ని రకాలో. ఆవిడ మాట నిజమేనేమో. ఊళ్ళో ఎవరికీ చెప్పను. నాగజెముడు ముళ్ళు చెక్కి కూర వండుకుంటారు ఇక్కడ. మనం చేను గట్టున కంచెకు వేసేది. తిన్నాను, బెండకాయలా జిగురుగా, పుల్లగా బాగుంది. గుమ్మడిపూలు కట్టలు కట్టి అమ్ముతున్నారు. రాతి మీద మొక్కజొన్న నూరి, చేత్తో తట్టి రొట్టె కాలుస్తున్న ముసలమ్మ పక్కన కూర్చుంటే నాకూ ఒక ముద్ద ఇచ్చింది. నా రొట్టె వంకరగా వచ్చింది. పెనం మీద వేసి, కాల్చి, నాకే పెట్టింది. ఆవిడ పేరు కూడా తెలియదు. చల్లగా ఉండాలి.

బజారులో ఉన్నంతసేపూ ఆయన అన్నం తిన్నారో లేదో అనే ఆలోచన. రెమేదమ్మ నా ముఖం చూసి రెండుసార్లు ఆగింది.

జనవరి 31, ఆదివారం

ఇక్కడివాళ్ళ అమ్మవారి గుడికి రెమేదమ్మ తీసుకెళ్ళింది. జనం మోకాళ్ళ మీద నడుస్తూ వస్తున్నారు, మన పొర్లుదండాల్లాగే. ఒకడు ముందు దుప్పటి పరుస్తుంటే ఒకావిడ దాని మీద మోకాళ్ళతో జరుగుతోంది. నేను కూలబడి దణ్ణం పెట్టాను. అమ్మా, నువ్వు ఎవరి దేవతవో నాకు తెలియదు, మా ఆయన చెయ్యి చెడిపోలేదని ఆయనకు తెలిసేట్టు చెయ్యి, అన్నాను. నా గంజి సంగతి కూడా చెప్పాను.

వెళ్ళేముందు నేను తడిచీర దండెం మీద వేశాను. మేము తిరిగి వచ్చేసరికి చీర అప్పడంలా బిగుసుకుపోయి ఉంది. పట్టుకుంటే కరకరలాడింది. చీరను చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. నా పెదాలు పగిలాయి. ఆయన మడమలు పగిలాయి. కొండ ఎక్కినా చెమట లేదు. మంగళగిరిలో చీర సాయంత్రానికైనా నడుం దగ్గర చెమ్మగానే ఉంటుంది.

"ఏమండీ, చెయ్యీ కాదు, గంజీ కాదు. గాలండీ. ఈ గాలి నూలులో తడినంతా తాగేస్తోంది. దానిమీద నేను గంజి పోసి ఇంకా ఎండబెట్టాను."

ఆయన చీర పట్టుకుని చూశారు. నలిపారు. వాసన చూశారు. 

"గుంట అందుకే" అన్నారు. "నేలలో చెమ్మ పైకి వచ్చి పడుగును పట్టుకుంటుంది. మా నాన్న చెప్పేవాడు. మన ఊళ్ళో ఎవడూ గుంట లేకుండా నెయ్యడు కనక అది నాకు జ్ఞాపకం రాలేదు." చీర దండెం మీద వేసి అన్నారు. "నేల కావాలి."

మేడ మీద నేల ఎక్కడ.

ఫిబ్రవరి 1, సోమవారం

ఇవాళ అమావాస్య. ఇక్కడి అమావాస్యా అక్కడి అమావాస్యా ఒకటేనా అని పొద్దున్నుంచీ బెంగ. మా నేతవాళ్ళం అమావాస్య నాడు నెయ్యం, ఆయన మగ్గం ముట్టలేదు.

సాయంత్రం జయరావు వచ్చేసరికి ఆయన వాకిట్లో ఆ మట్టి మూల దగ్గర గొంతుక్కూచుని ఉన్నారు. మట్టి పిసికితే ముద్దయింది.

"నేల మంచిది" అన్నారు.

"అటు చూడకండి" అన్నాను.

"ఏం?"

"అది ఆవిడ పెనిమిటి పెట్టిన చెట్టు."

వెంటనే చెయ్యి దులుపుకుని లేచారు. "అయితే ఆ మాట వద్దు" అని గదిలోకి వెళ్ళిపోయారు.

రెమేదమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. జయరావును అడిగింది. చెప్పవద్దని నేను సైగ చేశాను, అబద్ధం చెప్పలేని పిల్లవాడు, అంతా చెప్పేశాడు. గుంటలో నేస్తే తప్ప చీర కాదని, చీర కాకపోతే ఊరికి వెళ్ళి మగ్గం మానేస్తారని. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆశ్రయం ఇచ్చిన ఇంట్లో ఆవిడ చెట్టు మీద కన్ను వేశామని అనుకుంటోందని నా ప్రాణం చచ్చిపోయింది.

గునపం, పార తీసుకుని వచ్చింది.

"వద్దు, వద్దు" అని గునపం పట్టుకున్నాను. ఆవిడ లాగింది. నేను లాగాను. ఆవిడ గట్టిగా ఏదో అంది.

"ఏమంటోంది నాయనా?"

"వాళ్ళాయన ఈ వాకిట్లోనే కూర్చుని బూట్లు కుట్టేవాడట. చూపు తగ్గి పని మానేశాక అదిగో ఆ గోడకానుకుని కూర్చునేవాడట. ఏ జబ్బూ లేదట పిన్నిగారూ. అట్లా కూర్చుని కూర్చునే పోయాడంటోంది."

నేను గునపం వదల్లేదు. ఆవిడ మళ్ళీ ఏదో అంది, జయరావు నవ్వు ఆపుకున్నాడు.

"చెట్టును డబ్బాలో పెడితే బతుకుతుంది, మీ ఆయన్ని ఏ డబ్బాలో పెడతావు అంటోంది."

నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆవిడ చేతులు గట్టిగా పట్టుకున్నాను. గునపం మా ఇద్దరి మధ్యా ఉండిపోయింది.

ఫిబ్రవరి 2

ఇవాళ వీళ్ళ పండగ. మొక్కజొన్న పిండి ముద్దను ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. మన ఆకు కుడుములే. ఆయన రెండు తిన్నారు.

రెమేదమ్మ, నేను చెట్టు చుట్టూ తవ్వి వేరు తెగకుండా పెద్ద రేకుడబ్బాలోకి మార్చాం. వేరు ఎంత లోతు పోయిందో. ఆవిడ ఏడవలేదు. పాటేదో పాడుకుంటూ తవ్వింది. నేనే ఏడ్చాను.

ఫిబ్రవరి 3, బుధవారం

ఆయనా జయరావూ గుంట తవ్వారు. జయరావు ఆఫీసు బట్టలన్నీ మట్టి. నేను ఇంటినుంచి తెచ్చిన పసుపు రాసి, బజారులో దొరికిన కొబ్బరికాయ కొట్టాను. రెమేదమ్మ నుదుటికీ గుండెకూ చెయ్యి తాకించుకుని గుంట ఒడ్డున కొవ్వొత్తి వెలిగించింది. ఏ దేవుడి వాటా ఆ దేవుడిది.

హాలువాళ్ళను జయరావు ఎట్లా ఒప్పించాడో, మనుషులను పెట్టి మగ్గం ఇక్కడికి చేర్చారు. పోగు కదలకుండా తెచ్చారు. గుంట అడుగున నీళ్ళు చిలకరించాను. చుట్టూ తడి గోనెలు వేశాను. ఆయన కాళ్ళు లోపల పెట్టి కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు. నేయలేదు. ఉత్తినే కూర్చున్నారు.

ఫిబ్రవరి 4

తెగలేదు.

ఫిబ్రవరి 5

తెగలేదు. దిష్టి తగులుతుందని రాయకూడదనుకున్నాను. రాశాను.

ఫిబ్రవరి 6

రెండు తెగాయి. నేను ఆయన ముఖం చూశాను. "మంగళగిరిలో తెగవా ఏమే, అట్లా చూస్తావు" అన్నారు. ఏమే అన్నారు. ఇక్కడికి వచ్చాక ఆ పిలుపు వినడం ఇదే.

చెట్టు ఆకులు రాలుస్తోంది. నీళ్ళు ఎక్కువ పోస్తున్నానని రెమేదమ్మ చెంబు లాక్కుంది.

ఫిబ్రవరి 10

జనం ఇక్కడికే వస్తున్నారు. హాలు దగ్గర బోర్డు పెట్టారట. రెమేదమ్మ గుమ్మంలో నిలబడి అందరిచేతా బూట్లు విప్పిస్తోంది, అది నా దగ్గర నేర్చుకుంది. తీపినీళ్ళు కూడా అమ్ముతోంది. ఎవరైనా గుంట అంచుకు వస్తే ఆవిడ కేకకు వాకిలి అదురుతుంది.

నేను నాడెలోకి నూలు కండెలు చుడుతున్నాను. ఒకాయన ఫోటో తీస్తుంటే "ముసలమ్మను తియ్యి, చీరలో సగం ఆవిడది" అని మా ఆయన తెలుగులో చెప్పారు. అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

చెయ్యి వణుకుతూనే ఉంది. వణుకు వణుకుతూనే నాడె సరిగ్గా పోతోంది. ఎట్లాగో నాకు తెలియదు. ఆయనకూ తెలియదనుకుంటాను. అడగలేదు.

ఫిబ్రవరి 14, ఆదివారం

చీర మగ్గం నుంచి కోశారు. పెసరపచ్చ మీద ఎర్ర అంచు. మడత పెట్టి నా చేతిలో పెట్టారు, నేను రెమేదమ్మ చేతిలో పెట్టాను, ఆవిడ బుగ్గకు ఆనించుకుని మళ్ళీ ఆయనకే ఇచ్చింది.

మిగిలిన పడుగు మీద ఆవిడకు పైగుడ్డ నేస్తానన్నారు. ఏ రంగు కావాలో అడగమన్నారు. ఆవిడ చెట్టు కాయను చూపించింది.

ఫిబ్రవరి 16

హాల్లో వేలాడదీశారు. ఆయన కింద నిలబడి, అంచు ఒకచోట వంకర పోయిందన్నారు. నాకు కనబడలేదు.

అంకమ్మరావుకు కార్డు రాయమన్నారు జయరావును.

"ఏమని రాయమంటారు బాబాయిగారూ?"

"గుంట పూడ్చడం లేదు అని రాయి."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

కార్డులో చోటు చాలా మిగిలింది. భావనారాయణ భుజానికి ఆముదం సంగతి నేను రాయించాను.

ఫిబ్రవరి 17, బుధవారం

"ఇంక మీకు పని లేదు బాబాయిగారూ. నెలాఖరున విమానం ఎక్కేదాకా సెలవే" అన్నాడు జయరావు.

"సెలవంటే ఏం చేస్తారు?" అన్నారు ఆయన. హాస్యానికి కాదు, నిజంగానే అడిగారు.

"ఊళ్ళు చూస్తారు. తింటారు. పడుకుంటారు."

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వన్నీ చూశావుగా. ఏమున్నాయి?"

ఉత్త రాళ్ళు అని మొదలుపెట్టాను. తర్వాత మంచు గురించి చెప్పాను. నాగజెముడు కూర, వంకర రొట్టె, మోకాళ్ళ మీద నడిచిన ఆవిడ, దేవుడు లేని కొండ. చెప్తూ ఉంటే ఎన్నో వస్తున్నాయి. ఇన్ని చూశానని నాకే తెలియదు. ఆయన నాడె చేతిలో పట్టుకుని అట్లాగే విన్నారు.

"అవన్నీ నువ్వు చూసినవి. ఇద్దరమూ చూడనిదేదైనా ఉందా?"

రెమేదమ్మకు జయరావు చెప్పాడు. సోచిమిల్కో అని ఒక ఊరుందట. నీళ్ళ మీద తోటలు, కాలవల్లో పడవలు, పడవల నెత్తిన పూల తోరణాలు. పడవలోనే వండి వడ్డిస్తారట, పక్క పడవలో పాటలు పాడుతూ వస్తారట. ఆవిడ చెల్లెలు అక్కడే పూలు పండిస్తుంది, చెల్లెలింట్లోనే భోజనం అంటోంది.

పడవంటే నాకు భయం. ఈత రాదు. ఆయనకు ఈ చలిలో నీళ్ళ గాలి తగిలితే రొంప పట్టుకుంటుంది. పడవలో పొయ్యి వెలిగిస్తే పూల తోరణాలకు అంటుకోదా. ఇవన్నీ చెప్పాను.

"అయితే మానేద్దామా?" అన్నారు.

 పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నన్ను ఒక ఊరు చూపించింది లేదు. తాడేపల్లి రేవులో పుష్కరస్నానానికి కూడా వీధి ఆడవాళ్ళతోనే వెళ్ళాను. తప్పు పట్టడం లేదు. మగ్గం ఆగితే పొయ్యి ఆగే ఇల్లు మాది. ఆయన తిండి పెట్టారు, మాట పడనివ్వలేదు, నాకేం తక్కువ చెయ్యలేదు. చూడాలని నాకెప్పుడూ లేదు. లేదనే అందరితోనూ చెప్పాను.

"పోదాం లెండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రెమేదమ్మ పైగుడ్డకు ఇంకో మూడు రోజుల పని ఉంది. అది కప్పుకునే ఆవిడ మాతో రావాలని ఆయన పట్టు. చెల్లెలికి కబురు వెళ్ళింది. జయరావు పొద్దున ఏడింటికి వస్తానన్నాడు, ఆయన ఆరున్నరకు రమ్మన్నారు.

ప్రయాణం ఫిబ్రవరి 21, ఆదివారం. రోజు ఆయనే పెట్టారు.